రాళ్ళలో బియ్యం ఏరే ఉద్యోగం

రాత్రి పన్నెండున్నర నుంచి గాలిలో తేమ 96 శాతం దగ్గరే ఉంది, దిగట్లేదు. 90 దాటితే పరిశీలన ఆపెయ్యాలి. అందుకే అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాల కోసం ఆకాశాన్ని చూసే మా రెండు మ్యాజిక్ టెలిస్కోపులనూ పార్క్ చేసి, కంట్రోల్ రూములో నలుగురం ఆ ఒక్క అంకెనే చూస్తూ కూర్చున్నాం. ఇది స్పెయిన్ వాళ్ళ లా పాల్మా ద్వీపం, ఆఫ్రికా ఒడ్డుకు పడమర, అట్లాంటిక్ మధ్యలో. కొండ మీద 2,200 మీటర్ల ఎత్తులో ఉన్నాం. మామూలు రాత్రుల్లో మబ్బులు మా కింద, సముద్రం మీద పరుచుకుని ఉంటాయి. ఈ రాత్రి అవి పైకెక్కాయి. తలుపు తీస్తే పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు.

ఖాళీ దొరికింది కాబట్టి చాలా రోజులుగా బాకీ ఉన్న పోస్టు రాస్తున్నాను. జర్మనీలోని మా గ్రూపులో కొత్త పీహెచ్‌డీ పొజిషన్ పడిందని ఈమధ్య షేర్ చేశాను కదా, అప్పటి నుంచి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. "అక్కా, ఫండెడ్ అంటే ఫీజు మాఫీనా?" "గామా కిరణాలంటే రేడియేషన్ కదా, ఆరోగ్యానికేమీ కాదా?" "ఎన్ని లక్షలు చూపించాలి?" ఒక్కొక్కరికి రెండు ముక్కల్లో జవాబు చెప్తే తృప్తిగా లేదు. అందరికీ కలిపి, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొదట డబ్బు సంగతి. మా ఇంట్లో కూడా మొదటి ప్రశ్న అదే.

మాది హైదరాబాద్, కుషాయిగూడ. నాన్న ఈసీఐఎల్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. నా ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తయ్యేసరికి అక్క పెళ్ళికి చేసిన అప్పు ఇంకా కొంత తీరాల్సి ఉంది. జర్మనీలో పీహెచ్‌డీ సీటొచ్చింది అనగానే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లోంచే అడిగింది, "ఎంత కట్టాలె?" అని. ఏమీ కట్టక్కర్లేదమ్మా, వాళ్ళే నెలనెలా ఇస్తారన్నాను. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "చదువుకునేటోళ్ళకు జీతమిస్తరా? ఎందుకిస్తరు?"

అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. ఎందుకిస్తారంటే అది పని కాబట్టి. ఒక పరిశోధన ప్రాజెక్టుకు గ్రాంటు వస్తుంది. ఆ ప్రాజెక్టులో చెయ్యాల్సిన పనికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి మూడేళ్ళ జీతం ఆ గ్రాంటులోనే రాసి ఉంటుంది. జర్మనీలో ఇది అక్షరాలా ఉద్యోగమే. అపాయింట్‌మెంట్ కాంట్రాక్టు మీద సంతకం పెడతాం, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ కటింగులు ఉంటాయి, జీతంతో సెలవులుంటాయి. ప్రకటనల్లో "ఈ-13, 75 శాతం" అనో, 65 శాతం అనో రాస్తారు. ఈ-13 అంటే పీజీ చేసినవాళ్ళకు ప్రభుత్వ రంగంలో ఇచ్చే జీతపు స్కేలు. అందులో అంత వంతు మనకి. పొదుపుగా ఉంటే అందులోనే బతికి, ఇంటికీ కొంత పంపొచ్చు. నేను పంపుతున్నాను.

మా బాబాయి కొడుకు కన్సల్టెన్సీ ద్వారా ముప్పై లక్షలకు పైగా లోను తీసుకుని మాస్టర్స్‌కి వెళ్ళాడు. నా సంగతి కూడా అదే కన్సల్టెన్సీలో కనుక్కున్నాడు. పీహెచ్‌డీలు మేం చూడం అన్నారట. ఎందుకు చూడరో తర్వాత అర్థమైంది. చాలా కన్సల్టెన్సీలకు మనం కట్టే ఫీజులో కమిషన్ వస్తుంది. మనం ఫీజే కట్టని చోట వాళ్ళకు పనేముంది? దయచేసి గుర్తుపెట్టుకోండి, ఇలాంటి పొజిషన్‌కి మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ప్రకటన చదివి మనమే అప్లై చేస్తాం, ఇంటర్వ్యూ మనమే ఇస్తాం.

ఇది జర్మనీలోనే దొరుకుతుందని కూడా అనుకోవద్దు. మన దగ్గర నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత సీనియర్ ఫెలోషిప్‌లో 42,000, పైన హెచ్‌ఆర్‌ఏ. జెస్ట్, గేట్ పరీక్షలు రాసి కూడా వెళ్ళొచ్చు. అందులోనూ మన దేశంలో ఈ రంగం ఇవాళ పుట్టింది కాదు. ఊటీలో, పచ్‌మఢీలో, మౌంట్ ఆబూలో దశాబ్దాల కిందటి నుంచే గామా కిరణాల కోసం ఆకాశాన్ని చూశారు. ఇప్పుడు లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,270 మీటర్ల ఎత్తున, మేస్ అనే గామా కిరణాల టెలిస్కోపు ఉంది.

మేస్ పేరు రాస్తుంటే నాకు మా ఇంట్లో అన్నం తినే చోటు గుర్తొస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నాన్న రోజూ ఒక పెద్ద అద్దాల గిన్నె గురించి చెప్పేవారు. 21 మీటర్ల వెడల్పు గిన్నె. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళ కోసం ఈసీఐఎల్‌లో తయారవుతోంది. ఒకరోజు తినేశాక స్టీలు పళ్ళెం కడిగి తెచ్చి, నిలబెట్టి చూపించారు. "ఇట్ల చుట్టూ తిరుగుతది, ఇట్ల పైకి లేస్తది. దీనికి ఇల్లుండదు బిడ్డా. మంచు పడ్డా, ఎండ కొట్టినా అట్లనే నిలబడాలె." దేనికి అంటే, చుక్కలను చూడడానికట అన్నారు. అంతకు మించి ఆయనకూ తెలియదు. 2014లో ఆ గిన్నె ముక్కలు ముక్కలుగా లారీలెక్కి లద్దాఖ్ వెళ్ళింది. 2021లో దాని మీద తొలి వెలుగు పడింది. 2024 అక్టోబరు 4న ప్రారంభించారు. ఆ రోజు నేను జర్మనీలో ఆఫీసులో కూర్చుని ఆ ఫొటోలు చూస్తూ నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఫొటోలో అద్దాల వంక చూడలేదు. కింద గుండ్రటి పట్టా వంక చూశారు. 27 మీటర్ల వ్యాసమున్న ఆ పట్టా మీద ఆరు చక్రాలతో గిన్నె మొత్తం తిరుగుతుంది. "పట్టా మంచిగున్నది" అన్నారు.

నాన్న బిగించిన గిన్నె ఏం చూస్తుందో నాకు ఎమ్మెస్సీలో గానీ తెలియలేదు.

మన కంటికి కనిపించే ఒక్కో వెలుగు కణానికి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. మేం వెతికే గామా కణానికి లక్ష కోట్లు. ఇంత శక్తి మామూలు నక్షత్రాల వేడి నుంచి రాదు. పేలిపోయిన నక్షత్రాల శకలాల్లోంచి, నల్ల బిలాల దగ్గర నుంచి ఎగజిమ్మే ధారల్లోంచి వస్తుంది. చిక్కేమిటంటే అవి చాలా అరుదు. వృషభరాశిలో క్రాబ్ నెబ్యులా ఉంది. 1054లో చైనా వాళ్ళు పగలే చూసిన కొత్త నక్షత్రం తాలూకు శకలం. నిలకడగా వెలిగేవాటిలో మాకు బాగా ప్రకాశవంతమైనది అదే. అలాంటి దాని నుంచి కూడా, ఒక చదరపు మీటరు పరికరాన్ని అంతరిక్షంలో పెడితే, ఆ స్థాయి గామా కణం రెండు నెలలకొకటి తగులుతుంది. రెండు నెలలకు ఒకటి! దాన్ని పట్టుకుని థీసిస్ ఎవరు రాయగలరు?

అందుకే వాతావరణాన్నే పరికరంగా వాడతాం. గామా కణం గాలిని గుద్దగానే ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు పుడతాయి, వాటి నుంచి మళ్ళీ గామా కణాలు, మళ్ళీ ఎలక్ట్రాన్లు. పది కిలోమీటర్ల ఎత్తున అదొక జల్లు అవుతుంది. ఆ కణాలు గాలిలో వెలుగు పోయేదాని కంటే వేగంగా పోతాయి కాబట్టి నీలపు వెలుగు పుడుతుంది. అదే చెరెంకోవ్ వెలుగు. సెకనులో వంద కోట్లో వంతు అంటారే, అలాంటి వంతులు ఒక రెండో మూడో మాత్రమే ఉంటుంది. కానీ నేల మీదికొచ్చేసరికి దాదాపు పదకొండు ఎకరాల మేర పరుచుకుంటుంది. ఆ పదకొండు ఎకరాల్లో ఎక్కడ అద్దం పెట్టినా ఆ వెలుగు అందుతుంది. అంటే మా టెలిస్కోపుకున్న 17 మీటర్ల అద్దం పదకొండు ఎకరాల అద్దంలా పనిచేస్తుంది. లెక్కేసి చూడండి, రెండు నెలలకొకటి అన్నది రెండు నిమిషాలకొకటి అవుతుంది. ఈ లెక్క మొదటిసారి నోట్‌బుక్‌లో నా చేత్తో నేను వేసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. ఇదే చెయ్యాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

రేడియేషన్ అని భయపడ్డవాళ్ళకు ఇదే జవాబు. గామా కిరణం ఎక్కడో పైనే ఖర్చైపోతుంది. మాకందేది దాని వెలుగు మాత్రమే.

ఇక రోజువారీ పని. ప్రకటనల్లో "డేటా అనాలిసిస్" అని రెండు మాటల్లో రాస్తారు. అసలు సంగతి ఏమిటంటే, కాస్మిక్ కిరణాలు కూడా గాలిలో ఇలాంటి జల్లులే పుట్టిస్తాయి. అవి ఎక్కువగా ప్రోటాన్లు, వాటితో మాకు పని లేదు. క్రాబ్ వైపు చూసినప్పుడు కూడా మా కెమెరాలో పడే వెయ్యి జల్లుల్లో ఏ ఒకటో గామా, మిగతావన్నీ ఇవే. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంది. మా పని తిరగేసినట్టు ఉంటుంది, రాళ్ళలో బియ్యం ఏరాలి. పోలిక కోసం అనడం కాదు. మా కెమెరాలో 1,039 పిక్సెళ్ళుంటాయి. వాటి మీద గామా జల్లు నిజంగానే సన్నగా, పొడవుగా, బియ్యపు గింజలా పడుతుంది. ప్రోటాన్ జల్లు ముద్దగా, చెదిరి పడుతుంది. గింజ పొడవెంత, వెడల్పెంత, ఎటు తిరిగి ఉంది అన్న కొలతలతో వేరు చెయ్యొచ్చని 1985లో మైకేల్ హిల్లాస్ చూపించాడు. 1989లో అమెరికాలోని విప్పుల్ (Whipple) టెలిస్కోపుతో క్రాబ్‌ను ఈ పద్ధతిలోనే స్పష్టంగా పట్టుకున్నారు. మేం ఈ రోజుకీ ఆ కొలతలే వాడుతున్నాం, ఏరే చెయ్యి మాత్రం ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌ది.

నా థీసిస్ మర్కేరియన్ 421 అనే గెలాక్సీ మీద. 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, తన ధారను సరిగ్గా మనవైపు తిప్పుకుని ఉంది. కొన్ని రాత్రులు ఉన్నట్టుండి ఎగిసి మండుతుంది. ఎందుకు, ఎంత వేగంగా అన్నదే ప్రశ్న.

మొదటి ఏడాది నాకు ఒక చేదు అనుభవం ఎదురైంది. వరసగా మూడు రాత్రులు ఆ గెలాక్సీ వెలుగు సగానికి పడిపోయినట్టు నా గ్రాఫ్‌లో వచ్చింది. కొత్త సంగతి కనిపెట్టాననుకున్నాను. పది స్లైడ్లు తయారుచేసి గ్రూపు మీటింగులో చూపించాను. మా గైడ్ అంతా విని, "ఆ రాత్రుల లైడార్ చూశావా?" అని ఒక్కటే అడిగారు. చూడలేదు. లైడార్ అంటే గాలి ఎంత తేటగా ఉందో లేజర్‌తో కొలిచే పరికరం. సహారా ఎడారి నుంచి ఈ ద్వీపం మీదికి అప్పుడప్పుడు ధూళి కమ్ముకొస్తుంది, ఇక్కడివాళ్ళు దాన్ని కలీమా అంటారు. ఆ మూడు రాత్రులూ కలీమా. ధూళి వెలుగును మింగేసింది, గెలాక్సీకి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం గదికెళ్ళి ఏడ్చాను. కానీ ఆ మీటింగులో ఎవరూ ఒక్క మాట తూలలేదు. మరుసటి రోజు ఒక సీనియర్ నా పక్కన కూర్చుని ధూళి లెక్క సరిదిద్దడం నేర్పించింది. గ్రూపును ఎంచుకునేటప్పుడు ర్యాంకింగు కాదు, ఇది చూసుకోండి. తప్పు చేసిన రోజు అక్కడ మన పక్కన ఎవరు కూర్చుంటారు? ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా" అంటారు. అప్పుడు, ఇప్పుడున్న విద్యార్థుల్లో ఒకరితో మాట్లాడొచ్చా అని అడగండి. మంచి గ్రూపు సంతోషంగా ఒప్పుకుంటుంది. మూడేళ్ళ కాంట్రాక్టులో థీసిస్ పూర్తి కాకపోతే పొడిగింపు ఉంటుందా, షిఫ్టులకు ప్రయాణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఇవీ మొహమాటపడకుండా అడగండి. అవి అడిగితే తప్పుగా అనుకునే చోట చేరకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

నేను మొత్తం పద్నాలుగు చోట్ల అప్లై చేశాను. తొమ్మిది చోట్ల జవాబే లేదు. ఒకటి మాత్రం చేతిదాకా వచ్చి పోయింది. నేను చదివిన యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఎగ్జామ్ బ్రాంచి కిటికీ దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు, గడువు దాటిపోయింది. కాబట్టి ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లోనే మెమోలు, ప్రొవిజనల్, ట్రాన్‌స్క్రిప్టులు అన్నిటికీ దరఖాస్తు పెట్టేసుకోండి. పొజిషన్ కనబడ్డాక మొదలుపెడితే అందదు.

నాకు ఈ సీటు తెచ్చింది మార్కులు కాదనుకుంటున్నాను. నా శాతం 71. మరి ఏముంది నా దగ్గర? ఫెర్మీ ఉపగ్రహం 2008 నుంచి గామా కిరణాలు లెక్కిస్తోంది, దాని డేటా అంతా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. విశ్లేషించే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. నమీబియాలోని హెస్ టెలిస్కోపుల వాళ్ళు కూడా నేర్చుకునేవాళ్ళ కోసం 2018లో కొంత డేటా బయటపెట్టారు, గామాపై (Gammapy) అనే పైథాన్ ప్యాకేజీతో దాన్ని తెరవొచ్చు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, ఆరు నెలలు రాత్రిళ్ళు కూర్చుని మర్కేరియన్ 421 గ్రాఫ్ ఒకటి సొంతంగా గీశాను. ఇంటర్వ్యూలో నలభై నిమిషాల్లో అరగంట దాని మీదే నడిచింది. ఈ పాయింటులో దోషం ఎంత ఉంటుందని అడిగారు. తెలియదు, కానీ తెలుసుకోవాలంటే ఇలా చేస్తానని చెప్పాను. అప్పటిదాకా వింటున్న ఒకావిడ పెన్ను తీసి ఏదో రాసుకుంది. కుషాయిగూడలో కరెంటు పోతుందేమోనని టెన్షన్ పడుతూ గీసిన గ్రాఫ్ అది.

షిఫ్టు గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు. విద్యార్థులందరం వంతుల వారీగా ఇక్కడికి వచ్చి, మూడు నాలుగు వారాలు రాత్రంతా మేలుకుని టెలిస్కోపులు నడుపుతాం. పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులు తప్ప. పౌర్ణమి వెన్నెల్లో చెరెంకోవ్ వెలుగు ఆనదు. 2022 అక్టోబరు 9న ఎన్నడూ ఎరగనంత ప్రకాశవంతమైన గామా పేలుడు వచ్చింది, అంటే సుదూర గెలాక్సీ నుంచి ఉన్నట్టుండి ఎగజిమ్మిన గామా కిరణాలు. ఆ రోజు నిండు పౌర్ణమి! చైనాలోని లాసో వెలుగును కాక, నేల దాకా వచ్చే జల్లు కణాలనే పట్టుకుంటుంది కాబట్టి దానికి వెన్నెల అడ్డు కాదు, అది 64,000 పైగా గామా కణాలను పట్టుకుంది. మాలాంటి టెలిస్కోపులవాళ్ళలో చాలామంది వెన్నెల తగ్గేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. పాతవాళ్ళు ఆ రోజు గురించి ఇప్పటికీ బాధపడుతూ చెప్తారు.

వాళ్ళే 2019 జనవరి 14 గురించి చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది. ఉపగ్రహాల నుంచి పేలుడు కబురు అందగానే ఈ రెండు టెలిస్కోపులూ వాటంతటవే అటు తిరిగాయి. నిమిషం తిరిగేలోపే చూడటం మొదలుపెట్టాయి. 450 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన కణాలవి. ఒక గామా పేలుడు నుంచి లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి కణాలు వచ్చాయని ప్రపంచానికి మొదట ప్రకటించింది ఇక్కడి నుంచే. అంత తొందరగా తిరగడానికే వీటి చట్రం కార్బన్ ఫైబరు గొట్టాలతో కట్టారు. ఒక్కోటి అరవై టన్నుల పైచిలుకు ఉంటుంది, అయినా ఆకాశంలో ఏ మూలకైనా అర నిమిషంలోపు తిరిగిపోతుంది. అలారం మోగేటప్పుడు బయట ఎవరూ ఉండకూడదని మొదటి రోజే మళ్ళీ మళ్ళీ చెప్పారు.

అది తిరిగే వీడియో మొన్న నాన్నకి పంపాను. నాలుగు సార్లు చూశారట. "ఉరుకుతున్నది బిడ్డా. మనది 180 టన్నులు, ఇంత ఉరకదు. దీనికి కింద ఎన్ని చక్రాలు?" అని అడిగారు. రెండేళ్ళకు పైగా దీని డేటా మీద పనిచేస్తున్నాను, వంగి చూడలేదు. తెల్లారాక పట్టా దగ్గరికెళ్ళి లెక్కపెట్టి ఫొటో పంపుతానని చెప్పాను.

ఇప్పుడు మూడు నలభై. అక్కడ తొమ్మిది దాటి ఉంటుంది. "మబ్బు పోయిందా?" అని మెసేజ్ వచ్చింది. 93 దగ్గరుంది నాన్నా అని పెట్టాను. ఇది రాస్తుండగానే 91 అయింది. ఆపరేటర్ లేచి జాకెట్ వేసుకుని ఆకాశం చూడటానికి బయటికెళ్ళింది. మర్కేరియన్ 421 ఇప్పుడు దాదాపు నడినెత్తిన ఉంటుంది, తెల్లారేలోపు రెండు గంటలైనా దొరకొచ్చు.

89. చుక్కలు కనిపిస్తున్నాయట. వెళ్తున్నాను, మిగతా ప్రశ్నలకు జవాబులు రేపు నిద్ర లేచాక ఇస్తాను.